ఎఫ్-1 విద్యార్థి హోదా

ఎఫ్-1 విద్యార్థి హోదా అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ప్రభుత్వ అనుమతి పొందిన విశ్వవిద్యాలయం, కళాశాల, ఉన్నత పాఠశాల లేదా భాషా శిక్షణ సంస్థలో పూర్తికాలం చదువుకొనుటకు విదేశీయులకు ఆ దేశ చట్టం కల్పించిన తాత్కాలిక నివాస హోదా. విద్యార్థుల వాడుకలో దీనిని "స్టేటస్" అంటారు. ఈ హోదా ఒకసారి లభించినంత మాత్రాన చదువు ముగిసేవరకు తనంతట తాను నిలిచి ఉండదు. పాస్‌పోర్టు, వీసా, ఐ-20, ఐ-94 అనే నాలుగు పత్రాలను, వాటి వెనుకనున్న సెవిస్ అనే కంప్యూటర్ నమోదును విద్యార్థి ఎప్పటికప్పుడు సరిచూసుకొనవలెను. ఈ పత్రాలను జారీచేసే కార్యాలయాలు వేరు, వాటి గడువులు వేరు. ఒకదాని గడువు తీరినప్పుడు కలిగే ఫలితం మరొకదానికి వర్తించదు. ఈ భేదం తెలియక చదువులో ముందున్న విద్యార్థులు కూడా హోదా కోల్పోయిన సందర్భాలున్నాయి.

అమెరికాలో చదివే విదేశీ విద్యార్థులలో భారతీయుల సంఖ్య 2023-24 విద్యాసంవత్సరంలో 3,31,602కు చేరి చైనా విద్యార్థుల సంఖ్యను మించింది. 2024-25లో అది 3,63,019. వీరిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి వెళ్ళినవారు పెద్దసంఖ్యలో ఉన్నారు. ఈ వ్యాసంలోని నియమాలు 2025వ సంవత్సరంలో అమలులో ఉన్నవి.

చరిత్ర

అమెరికా 1924 నాటి వలస చట్టంలోనే విద్యార్థులను ప్రత్యేకవర్గంగా గుర్తించింది. 1952లో వచ్చిన వలస, జాతీయతా చట్టం వారిని "వలసేతరులు"గా, అనగా స్థిరనివాసం కోరక తాత్కాలికంగా వచ్చేవారుగా వర్గీకరించింది. ఆ చట్టంలో విద్యార్థులను గురించి చెప్పే ఉపవిభాగానికి ఎఫ్ అనే అక్షరం గుర్తు. వీసా పేరు అందులో నుండే వచ్చింది. వృత్తివిద్యలు నేర్చుకొనేవారికి ఎం-1, వినిమయ కార్యక్రమాలపై వచ్చేవారికి జె-1 అనే వేరు వీసాలు ఉన్నాయి.

చిరకాలం విద్యార్థుల వివరాలు కాగితాలమీదనే నడిచాయి. విద్యార్థి కళాశాలలో చేరినాడో లేదో ప్రభుత్వానికి వెంటనే తెలిసే మార్గం ఉండేది కాదు. 1993లో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌పై జరిగిన బాంబుదాడి నిందితులలో ఒకడు విద్యార్థి వీసాపై వచ్చి చదువు మానివేసినవాడని తేలింది. దరిమిలా 1996 చట్టం విద్యార్థుల వివరాలను కంప్యూటర్ ద్వారా సేకరించవలెనని ఆదేశించింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత ఈ పని వేగం పుంజుకొన్నది. ఆ దాడులలో మరణించిన ఇద్దరు హైజాకర్లకు విద్యార్థి హోదా మంజూరైనట్లు తెలిపే కాగితాలు ఆరునెలల తరువాత, 2002 మార్చిలో, ఫ్లోరిడాలోని విమానశిక్షణ పాఠశాలకు చేరడం అప్పటి కాగితపు పద్ధతిలోని లోపాన్ని బయటపెట్టింది. సెవిస్ 2003 జనవరిలో ప్రారంభమైంది. 2003 ఆగస్టు 1 నాటికి అప్పటికే చదువుతున్న విద్యార్థులందరి వివరాలను అందులో చేర్చవలసి వచ్చింది. అదే సంవత్సరం ఏర్పడిన హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఇది నడుస్తున్నది.

పాస్‌పోర్టు

పాస్‌పోర్టు విద్యార్థి స్వదేశ ప్రభుత్వం ఇచ్చే పత్రం. అమెరికాలో ఉన్నంతకాలం దీనిని చెల్లుబాటులో ఉంచుకొనవలెను. భారతదేశంలో వయోజనుల పాస్‌పోర్టు పది సంవత్సరాలు చెల్లుతుంది. మైనర్లకు ఐదు సంవత్సరాలు లేదా 18 ఏళ్ళు నిండేవరకు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. 15 నుండి 18 ఏళ్ళ మధ్యవారు పదేళ్ళ పాస్‌పోర్టు కోరవచ్చును. పదిహేనవ ఏట అట్టి పాస్‌పోర్టు తీసుకొన్న విద్యార్థికి ఇరవై ఐదవ ఏట, అనగా సాధారణంగా ఎం.ఎస్. చదువు చివరనో, ఉద్యోగ శిక్షణ మధ్యలోనో గడువు తీరుతుంది. కావున బయలుదేరే ముందే గడువు చూసుకొని, అవసరమైతే ఇక్కడనే కొత్తది తీసుకొనుట మేలు. అమెరికాలో ఉండగా అయితే వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం, ఇతర నగరాలలోని భారత కాన్సులేట్‌ల ద్వారా పునర్జారీ పొందవచ్చును.

కొత్త పాస్‌పోర్టు వచ్చినప్పుడు పాతదానిలోని వీసా రద్దుకాదు. గడువు మిగిలి, చిరగక ఉన్నంతవరకు పాత, కొత్త పాస్‌పోర్టులు రెండింటినీ వెంట ఉంచుకొని ప్రయాణించవచ్చును.

తెలుగువారికి పాస్‌పోర్టులో ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు విషయం. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంచి, పేరంతా ఒకే గడిలో రాయించుకొన్నవారికి అమెరికా వీసాపై ఆ మొత్తం పేరు ఇంటిపేరుగానూ, అసలు పేరు స్థానంలో "ఎఫ్.ఎన్.యు." అనే మూడక్షరాలు వస్తాయి. పేరు తెలియదు అని దాని అర్థం. తరువాత బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ కార్డు అన్నింటిలోనూ ఇదే పేరు పాకుతుంది. పదవ తరగతి ధ్రువపత్రం, పాస్‌పోర్టు, ఐ-20 మూడింటిలోనూ పేరు ఒకేవిధంగా ఉండేట్లు ముందే చూసుకొన్నవారికి ఈ తిప్పలు తప్పుతాయి.

వీసా

వీసా అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చే ప్రవేశపత్రం. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది దీని విషయంలోనే. వీసా దేశద్వారం వద్దకు వెళ్ళి ప్రవేశం కోరుటకు ఇచ్చే అనుమతి మాత్రమే. లోపల ఎంతకాలం ఉండవచ్చునో చెప్పేది ఐ-94, ఐ-20లు. అందువలన అమెరికాలో ఉండగా వీసా గడువు తీరినా తక్కిన పత్రాలు సరిగా ఉన్న విద్యార్థికి దోషం లేదు. దేశం విడిచి తిరిగి రావలసినప్పుడే కొత్త వీసా అవసరం. అటులనే, ఐదేళ్ళ వీసా ఉన్నది కదా అని ఐ-20 గడువు తీరిన తరువాత ఉండిపోవుట చెల్లదు.

భారతీయ విద్యార్థులకు ఎఫ్-1 వీసా గరిష్ఠంగా ఐదేళ్ళ గడువుతో, ఎన్నిసార్లైనా ప్రవేశించే వీలుతో లభిస్తుంది. దరఖాస్తుకు ముందు సెవిస్ రుసుము చెల్లించవలెను. 2004లో 100 డాలర్లతో మొదలైన ఈ రుసుము 2008లో 200, 2019 జూన్‌లో 350 డాలర్లకు పెరిగింది. వీసా దరఖాస్తు రుసుము 2023 జూన్ నుండి 185 డాలర్లు. తెలుగువారు వీసాకై పూర్వం చెన్నైకి వెళ్ళవలసి వచ్చేది. హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలైంది, 2009 నుండి వీసాలు ఇచ్చింది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది.

ఐ-20

ఐ-20 కళాశాల ఇచ్చే అర్హతాపత్రం. విద్యార్థి హోదాకు మూలాధారం ఇదే. దీనిని కళాశాలలో ప్రభుత్వం గుర్తించిన విద్యార్థి అధికారి జారీచేస్తారు. వీరిని డి.ఎస్.ఓ. అంటారు. దీనిలో మూడు పుటలుంటాయి.

మొదటి పుటలో విద్యార్థి పేరు, ఎన్ అక్షరంతో మొదలయ్యే సెవిస్ సంఖ్య, కోర్సు, దాని ప్రారంభ, ముగింపు తేదీలు, ఖర్చుల అంచనా, దానిని భరించే వనరులు ఉంటాయి. రెండవ పుటలో ఉద్యోగానుమతులు, ప్రయాణపు సంతకాలు ఉంటాయి. మూడవ పుటలో నియమాలుంటాయి.

విద్యార్థి ముఖ్యంగా గుర్తుంచుకొనవలసినది మొదటి పుటలోని ముగింపు తేదీ. చదువు ఆ తేదీకి పూర్తికాదని తోచినప్పుడు తేదీకి ముందే పొడిగింపు కోరవలెను. పరిశోధనాంశం మారుట వంటి విద్యాసంబంధమైన బలమైన కారణం గాని, ధ్రువపత్రం గల అనారోగ్యం గాని చూపవలెను. తేదీ దాటిన మరునాడు డి.ఎస్.ఓ. దానిని పొడిగించలేరు. కోర్సు, స్థాయి, ఖర్చుల వివరాలు మారినప్పుడు కొత్త ఐ-20 వస్తుంది. పాతవాటిని పారవేయరాదు.

ఐ-94

ఐ-94 ప్రవేశద్వారం వద్ద సరిహద్దు అధికారులు నమోదుచేసే రాకపోకల పత్రం. పూర్వం తెల్లని చీటీగా పాస్‌పోర్టుకు కుట్టి ఇచ్చేవారు. 2013 నుండి విమానాశ్రయాలలో ఇది కంప్యూటర్ నమోదుగా మారింది. విద్యార్థి దానిని ప్రభుత్వ వెబ్‌సైటు నుండి దించుకొని అచ్చు తీసుకొనవలెను. చేతికి కాగితం రాదు కనుక ఇందులోని తప్పులు నెలల తరబడి కంటబడక ఉండిపోతాయి.

దానిలో వర్గం ఎఫ్-1 అనియు, గడువు స్థానంలో "డి/ఎస్" అనియు ఉండవలెను. డి/ఎస్ అనగా హోదా నిలిచి ఉన్నంతకాలం అని అర్థం. సందర్శకుల వర్గమైన బి-2 అని పడుట, డి/ఎస్ బదులు ఒక తేదీ పడుట, పేరులో అక్షరాలు మారుట వంటివి కనిపిస్తే విమానాశ్రయాలలో గాని, ఇతరచోట్ల గాని ఉన్న సరిహద్దు శాఖ తనిఖీ కార్యాలయంలో సరిచేయించుకొనవలెను. ప్రతి విదేశ ప్రయాణం తరువాత కొత్త ఐ-94 ఏర్పడుతుంది కనుక ప్రతిసారీ చూడవలెను.

ప్రవేశ సమయంలో ఐ-20 వంటి పత్రం లోపించినప్పుడు అధికారి ఐ-515ఎ అనే చీటీ ఇచ్చి 30 రోజులకే ప్రవేశం కల్పించవచ్చును. ఆ గడువులో లోపించిన పత్రాలను పంపనిచో హోదా పోతుంది. అందుకే పత్రాలను సరుకుల పెట్టెలో పెట్టక చేతిసంచిలో ఉంచుకొనవలెను.

సెవిస్

సెవిస్ విద్యార్థుల, వినిమయ సందర్శకుల సమాచార వ్యవస్థ. విద్యార్థి చేరిక, చిరునామా, కోర్సు, ఉద్యోగానుమతి, చదువు మానుట వంటివన్నీ డి.ఎస్.ఓ. ఇందులో నమోదుచేస్తారు. విద్యార్థి దగ్గరి కాగితానికి, సెవిస్‌లోని నమోదుకు తేడా వచ్చినచో అధికారులు ముందుగా చూసేది సెవిస్‌నే. చదువుకొనే కాలంలో విద్యార్థి తన నమోదును తానుగా చూసుకొనలేడు. డి.ఎస్.ఓ.ను అడిగి తెలుసుకొనవలెను. చదువు తరువాతి ఉద్యోగ శిక్షణలో ఉన్నవారికి మాత్రం 2018 నుండి చిరునామా, యజమాని వివరాలు తామే మార్చుకొనే పోర్టల్ ఏర్పడింది.

హోదా నిలుపుకొనుటకు నియమాలు

* కోర్సు ప్రారంభ తేదీకి 30 రోజులకంటే ముందు అమెరికాలో ప్రవేశించరాదు.
* చేరిన వెంటనే కళాశాలలో హాజరు తెలుపవలెను. ప్రారంభ తేదీ నుండి 30 రోజులలో డి.ఎస్.ఓ. సెవిస్‌లో నమోదుచేయవలెను.
* ప్రతి సెమిస్టరు పూర్తికాలం చదవవలెను. డిగ్రీ విద్యార్థులకు ఇది కనీసం 12 క్రెడిట్లు. స్నాతకోత్తర విద్యార్థులకు విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. అనేకచోట్ల 9 క్రెడిట్లు.
* ఈ లెక్కలోకి ఒక సెమిస్టరులో ఒక్క ఆన్‌లైన్ తరగతి, అనగా 3 క్రెడిట్లకు మించకుండా మాత్రమే వస్తుంది.
* తరగతులు తగ్గించుకొనవలసి వస్తే డి.ఎస్.ఓ. అనుమతి ముందే పొందవలెను. అనారోగ్య కారణంగా ఒక్కొక్క స్థాయి చదువులో మొత్తం 12 నెలలవరకు ఈ వెసులుబాటు కలదు.
* ఇల్లు మారిన 10 రోజులలో కొత్త చిరునామా తెలుపవలెను. అది నివసించే చోటు అయి ఉండవలెను, తపాలా పెట్టె సంఖ్య చాలదు.
* కళాశాల మారదలచినచో సెవిస్ నమోదును కొత్త కళాశాలకు బదిలీ చేయించుకొనవలెను. కొత్తచోట తరగతులు ఐదునెలలలోపు మొదలుకావలెను.
* చదువు పూర్తయిన తరువాత దేశం విడుచుటకు, లేదా కళాశాల గాని హోదా గాని మార్చుకొనుటకు 60 రోజుల వ్యవధి ఉంటుంది. డి.ఎస్.ఓ. అనుమతితో మధ్యలో మానినవారికి 15 రోజులే. నియమం ఉల్లంఘించినవారికి వ్యవధి లేదు.

క్లిష్టమైన తరగతిని సెమిస్టరు మధ్యలో వదులుకొనుట వలన తెలియకనే హోదా పోగొట్టుకొనేవారు కలరు. 9 క్రెడిట్లలో 3 వదులుకొంటే మార్కుల పట్టీ బాగుపడవచ్చును గాని, ముందస్తు అనుమతి లేనిచో ఆనాటితో పూర్తికాల విద్యార్థి అన్న అర్హత పోతుంది. ప్రొఫెసర్ అంగీకారం, డి.ఎస్.ఓ. అనుమతి రెండూ ఒకటి కావు.

తేదీలు చదువుటలోనూ జాగ్రత్త అవసరం. అమెరికా దరఖాస్తులలో నెల ముందు, రోజు తరువాత వస్తాయి. 05/08 అనగా మే 8. భారతీయ అలవాటుతో దానిని ఆగస్టు 5గా చదివినవారు గడువును మూడు నెలలు తప్పుగా లెక్కిస్తారు.

ఉద్యోగానుమతులు

విద్యాలయ ప్రాంగణంలో తరగతులు జరిగేకాలంలో వారానికి 20 గంటలు, సెలవులలో పూర్తికాలం పనిచేయవచ్చును. ప్రాంగణం వెలుపల అనుమతి లేకుండా చేసే పని, అది పెట్రోలు బంకులోనైనా, భోజనశాలలోనైనా, ఒక్కరోజైనా ఉల్లంఘనయే. జీతం నగదుగా తీసుకొన్నందువలన అది సక్రమం కాదు. ఇతర తప్పులను కొన్నిటిని సరిదిద్దుకొనవచ్చును గాని, అనుమతిలేని ఉద్యోగం చేసినవారికి హోదా పునరుద్ధరణ మార్గమే మూసుకొనిపోతుంది.

పాఠ్యాంశ శిక్షణ (సి.పి.టి.): చదువులో భాగంగా చేసే శిక్షణ. సాధారణంగా ఒక విద్యాసంవత్సరం పూర్తయిన తరువాత లభిస్తుంది. అనుమతి ఐ-20 రెండవ పుటపై, యజమాని పేరుతో, తేదీలతో ముద్రితమవుతుంది. ఆ తేదీలకు ఒకరోజు ముందైనా పని మొదలుపెట్టరాదు. పూర్తికాల సి.పి.టి. 12 నెలలు చేసినవారు అదే స్థాయిలో ఓ.పి.టి. అర్హత కోల్పోతారు.

ఐచ్ఛిక శిక్షణ (ఓ.పి.టి.): చదివిన విషయానికి సంబంధించిన ఉద్యోగంలో ఒక్కొక్క స్థాయికి 12 నెలలు. చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుండి, ముగిసిన 60 రోజుల వరకు దరఖాస్తు చేయవచ్చును. అయితే డి.ఎస్.ఓ. సిఫారసు సెవిస్‌లో చేరిన 30 రోజులలోపు దరఖాస్తు అందవలెను. ఉద్యోగానుమతి కార్డు చేతికి వచ్చి, దానిపైనున్న తేదీ మొదలైన తరువాతనే పనిలో చేరవలెను. ఈ కాలంలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90కి మించరాదు.

స్టెమ్ పొడిగింపు: విజ్ఞాన, సాంకేతిక, ఇంజనీరింగ్, గణిత పట్టభద్రులకు లభించే అదనపు కాలం. 2008లో 17 నెలలుగా మొదలై, 2016 మే నుండి 24 నెలలు అయింది. యజమాని సంస్థ ఈ-వెరిఫై పథకంలో చేరి ఉండవలెను. ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక పత్రం అవసరం. ప్రతి ఆరునెలలకు వివరాలు ధ్రువపరచి, సంవత్సరానికొకసారి స్వీయ నివేదిక ఇవ్వవలెను. ఉద్యోగం లేని రోజుల పరిమితి రెండు కాలాలకూ కలిపి 150. ఓ.పి.టి. కార్డు గడువు తీరకముందే సక్రమంగా దరఖాస్తు చేసినవారు, నిర్ణయం రాకున్నా, 180 రోజులవరకు పని కొనసాగించవచ్చును.

హెచ్-1బి దరఖాస్తు సకాలంలో దాఖలైన విద్యార్థికి మధ్యకాలంలో హోదా, ఉద్యోగానుమతి పొడిగే వెసులుబాటు ఉన్నది. 2025 జనవరి 17 నుండి దీని గరిష్ఠ గడువును అక్టోబరు 1 నుండి మరుసటి ఏప్రిల్ 1కి పెంచారు.

ప్రయాణాలు

స్వదేశానికి వచ్చి తిరిగి వెళ్ళే విద్యార్థికి చెల్లుబాటులోని పాస్‌పోర్టు, వీసా, ప్రయాణపు సంతకం ఉన్న ఐ-20 అవసరం. ఈ సంతకం చదువుకొనేవారికి ఒక సంవత్సరం, ఓ.పి.టి.లో ఉన్నవారికి ఆరునెలలు చెల్లుతుంది. చదువుకు దూరమై ఐదునెలలకు మించి అమెరికా వెలుపల ఉన్నవారు తిరిగి కొత్త ఐ-20తో మొదలుపెట్టవలసి రావచ్చును.

కెనడా, మెక్సికోలకు, అలాగే క్యూబా మినహా సమీప దీవులకు 30 రోజులకు మించకుండా వెళ్ళి వచ్చేవారు, వీసా గడువు తీరి ఉన్నప్పటికీ ఐ-94, ఐ-20 సరిగా ఉంటే తిరిగి ప్రవేశించే వీలున్నది. అక్కడ ఉండగా కొత్త వీసాకు దరఖాస్తు చేసినవారికి ఈ వీలు వర్తించదు.

2025 సెప్టెంబరు నుండి వీసా ఇంటర్వ్యూ మినహాయింపులను చాలవరకు తొలగించారు. దరఖాస్తుదారులు తమ పౌరసత్వం లేదా నివాసం ఉన్న దేశంలోనే ఇంటర్వ్యూకు హాజరు కావలెనని విదేశాంగ శాఖ సూచించింది. అందువలన పెండ్లికో, పండుగకో వచ్చేవారు వీసా గడువు తీరినట్లయితే ఇంటర్వ్యూ తేదీ దొరికిన తరువాతనే విమాన టిక్కెట్టు కొనుట మంచిది.

భార్య, భర్త, పిల్లలు

ఎఫ్-1 విద్యార్థి భార్య లేదా భర్త, 21 ఏళ్ళలోపు అవివాహిత సంతానం ఎఫ్-2 హోదాలో ఉండవచ్చును. ఒక్కొక్కరికి వేరుగా ఐ-20, ఐ-94 ఉంటాయి. వారి హోదా విద్యార్థి హోదాపైనే ఆధారపడుతుంది. విద్యార్థి హోదా పోయిననాడు వారిదీ పోతుంది. ఎఫ్-2 వారు ఉద్యోగం చేయరాదు. పిల్లలు పాఠశాలలో చదువవచ్చును. పెద్దలు 2015 నుండి పూర్తికాలం కాని చదువు చదువుటకు అనుమతి కలదు.

హోదా కోల్పోవుట, పునరుద్ధరణ

హోదా పోయిన విద్యార్థికి రెండు మార్గాలున్నాయి. దేశం విడిచి కొత్త ఐ-20, కొత్త సెవిస్ నమోదుతో తిరిగి ప్రవేశించుట ఒకటి. దేశంలోనే ఉండి ఐ-539 దరఖాస్తు ద్వారా పునరుద్ధరణ కోరుట రెండవది. రెండవ మార్గానికి సాధారణంగా ఐదునెలలలోపు దరఖాస్తు చేయవలెను. తీవ్ర అనారోగ్యం, కళాశాల మూతపడుట, ప్రకృతి వైపరీత్యం వంటి తన చేతిలో లేని కారణం చూపవలెను. డి.ఎస్.ఓ. వైపు పొరపాటు కూడా ఇట్టి కారణమే. అందువలన వారితో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలను దాచి ఉంచుకొనుట అవసరం.

హోదా పోవుటకు, "చట్టవిరుద్ధ నివాసం" లెక్కకు తేడా ఉన్నది. డి/ఎస్‌తో ప్రవేశించినవారికి సాధారణంగా వలస అధికారులు ఒక దరఖాస్తును పరిశీలిస్తూ ఉల్లంఘనను నిర్ణయించినప్పుడు గాని, వలస న్యాయమూర్తి ఆజ్ఞ ఇచ్చినప్పుడు గాని ఆ లెక్క మొదలవుతుంది. అట్టి నివాసం 180 రోజులు మించి దేశం విడిచినవారికి 3 సంవత్సరాలు, ఒక సంవత్సరం లేదా అంతకు మించినవారికి 10 సంవత్సరాలు పునఃప్రవేశ నిషేధం ఉంటుంది.

తెలుగు విద్యార్థులు, నకిలీ విశ్వవిద్యాలయాలు

పత్రాలన్నీ చూపుకు సక్రమంగా ఉన్నా, వాటి వెనుక చదువు లేనప్పుడు ఏమవుతుందో రెండు సంఘటనలు తెలుపుతాయి.

ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం: కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ఉన్న ఈ సంస్థపై 2011 జనవరిలో అధికారులు దాడిచేసి మూసివేశారు. విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలోనూ అప్పటి ఆంధ్రప్రదేశ్ వారు ఎక్కువ. సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లోని ఒకే చిరునామాలో నివసిస్తున్నట్లు సెవిస్‌లో నమోదై ఉండడం అధికారులు చూపిన ఆధారాలలో ఒకటి. కొందరు విద్యార్థుల కాళ్ళకు జాడ తెలిపే పరికరాలు తగిలించగా భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. సంస్థ స్థాపకురాలికి 2014లో పదహారేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది.

ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం: మిచిగాన్‌లో ఈ పేరుతో అధికారులే రహస్యంగా నడిపిన సంస్థలో అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. చదవకుండానే హోదా, ఉద్యోగానుమతి నిలుపుకొనుటకు ఇందులో చేరినవారిని 2019 జనవరి చివర అరెస్టు చేశారు. అప్పటి అరెస్టులలో 129 మంది భారతీయులు. తెలుగు రాష్ట్రాలవారు వారిలో పెద్దసంఖ్యలో ఉన్నారు. విద్యార్థులను చేర్పించిన ఎనిమిదిమందిపై నేరారోపణ జరిగింది. భారత ప్రభుత్వం నిరసన తెలిపి, సహాయానికి ప్రత్యేక ఫోను సేవ ఏర్పరచింది.

ఫార్మింగ్టన్ పేరు ప్రభుత్వ అనుమతి పొందిన సంస్థల జాబితాలో కూడా కనిపించేది. అనగా జాబితాలో పేరు, చేతిలో ఐ-20 మాత్రమే చాలవు. తరగతులు నిజంగా జరుగుతున్నవా, విద్యార్థి వాటికి హాజరవుతున్నాడా అన్నదే అసలు పరీక్ష. చేరిన మొదటిరోజు నుండే పూర్తికాల ఉద్యోగానుమతి ఇస్తామని చెప్పే సంస్థల విషయంలో తల్లిదండ్రులు, విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఇటీవలి మార్పులు

నియమాలు తరచుగా మారుతుంటాయి. 2020 జూలై 6న, కోవిడ్ కాలంలో పూర్తిగా ఆన్‌లైన్ తరగతులకు మారిన కళాశాలల విద్యార్థులు దేశం విడువవలెనని అధికారులు ప్రకటించారు. హార్వర్డ్, ఎం.ఐ.టి.లు న్యాయస్థానానికి వెళ్ళిన పిదప జూలై 14న దానిని ఉపసంహరించారు. 2025 వసంతంలో వేలాది విద్యార్థుల సెవిస్ నమోదులను హఠాత్తుగా రద్దుచేశారు. పోలీసు నమోదులలో పేరు ఉండుట దీనికి ఆధారమైంది. కేసు కొట్టివేతకు గురైనవారు, చిన్న ట్రాఫిక్ తప్పిదాలవారు కూడా వీరిలో ఉన్నారు. అనేక న్యాయస్థానాలలో వ్యాజ్యాలు పడగా ఏప్రిల్ 25న నమోదులను పునరుద్ధరిస్తున్నట్లు ప్రభుత్వం తెలిపింది.

2025 ఆగస్టులో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ డి/ఎస్ పద్ధతిని తొలగించి, గరిష్ఠంగా నాలుగేళ్ళ నిర్ణీత గడువుతో ప్రవేశం ఇవ్వాలని, చదువు తరువాతి 60 రోజుల వ్యవధిని 30కి తగ్గించాలని ప్రతిపాదించింది. ఇటువంటి ప్రతిపాదనే 2020లో వచ్చి 2021లో ఉపసంహరణ పొందింది. నిర్ణీత గడువు వచ్చినచో ఐ-94పై ఉండే తేదీయే ముఖ్యమవుతుంది. ఇట్టి మార్పులను కళాశాల డి.ఎస్.ఓ. ద్వారా నిర్ధారించుకొనవలెను. మిత్రుల మాట, ఏజెంట్ల మాట ఆధారం కారాదు.

పత్రాలు భద్రపరచుట

పద్దెనిమిదేళ్ళు నిండిన విదేశీయులు తమ నమోదు పత్రాన్ని వెంట ఉంచుకొనవలెనని అమెరికా చట్టం. విద్యార్థులకు అది ఐ-94 ప్రతి. ప్రతి సంవత్సరం, ఆదాయం లేనివారు కూడా, 8843 అనే పన్ను పత్రం దాఖలు చేయవలసి ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్సు గడువు కూడా సాధారణంగా హోదా పత్రాల గడువుతో ముడిపడి ఉంటుంది.

మొదటి ఐ-20 నుండి చివరిదాకా అన్నింటినీ, ప్రతి ఐ-94 అచ్చుప్రతిని, ఉద్యోగానుమతి కార్డులను, జీతపు చీటీలను, మార్కుల పట్టీలను దాచి ఉంచవలెను. హెచ్-1బి, గ్రీన్‌కార్డు వంటి దరఖాస్తులలో పది పదిహేనేళ్ళ తరువాత కూడా విద్యార్థి దశలో హోదా తప్పలేదని నిరూపించవలసి రావచ్చును. అప్పటికి కళాశాల మూతపడి ఉండవచ్చును, అధికారులు మారి ఉండవచ్చును. విద్యార్థి దగ్గరున్న కాగితమే అప్పుడు సాక్ష్యం. ఒక ప్రతిని అమెరికాలోను, మరొక ప్రతిని స్వదేశంలో తల్లిదండ్రుల దగ్గరను ఉంచుట శ్రేయస్కరం.

ఇవి కూడా చూడండి

* అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉన్నత విద్య
* భారతీయ పాస్‌పోర్టు
* హెచ్-1బి వీసా